అత్తకీ మామయ్యకీ మధ్య ఒక కామా

నా మొదటి కథ మొత్తం ఒక్క కేక మీద ఆధారపడింది. పెళ్ళివారి ఇల్లు. వంటింట్లో అత్త పులిహోర కలుపుతోంది. ఆమె భర్త ఇల్లు వదిలి వెళ్ళి ఆరేళ్ళయింది. పెళ్ళికి కూడా రాడనే అందరూ అనుకున్నారు. వీధిలో జీపు ఆగుతుంది. చుట్టాలు దిగుతుంటారు. మేనల్లుడు వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చి కేకేస్తాడు: “అత్తా, మామయ్యా వచ్చారు!” పులిహోర కలుపుతున్న చెయ్యి ఆగిపోతుంది. కథ అక్కడికి అయిపోయింది.

అచ్చులో ఆ వాక్యం ఇలా వచ్చింది: “అత్తా మామయ్యా వచ్చారు!”

మా వీధిలో ఉండే తెలుగు మాస్టారు కథ చదివి ఒక్కటే అడిగారు. “అత్త వంటింట్లో ఉంది కదా, మళ్ళీ జీపులోంచి ఎలా దిగింది?” పత్రికవాళ్ళు కామా మింగేశారని నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇంటికొచ్చి పెట్టెలోంచి చిత్తుప్రతి తీశాను. అందులోనూ కామా లేదు. నా చెవిలో ఉంది. పిల్లాడు “అత్తా” అని పిలిచి, ఊపిరి పీల్చుకుని, మిగతాది చెప్పడం నాకు స్పష్టంగా వినిపించింది. వినిపించింది కాబట్టి రాశాననే అనుకున్నాను.

ఈ అధ్యాయం ఆ కామా గురించి. కామా ఎక్కడ పెట్టాలి, చుక్క ఎక్కడ పెట్టాలి అన్న నియమాలు బడిలోనే అందరం చదివాం. అయినా కథలు రాసేవాళ్ళ ప్రతుల్లో గుర్తులు ఎందుకు తప్పుతాయి? ఎక్కువ మంది గుర్తులను వ్యాకరణం కోసం పెడుతున్నారు. కథలో అవి గొంతు కోసం. పైగా తెలుగులో వాటి అవసరం ఇంగ్లీషులో ఉన్నట్టు ఉండదు. ఇంగ్లీషులో గుర్తు చేసే పనుల్లో చాలావాటిని తెలుగులో మాట చివరి అచ్చే చేసేస్తుంది. మాట చెయ్యలేని చోట మాత్రమే గుర్తు కావాలి. ఆ చోటేదో కనిపెట్టడమే అసలు విద్య.

మళ్ళీ అత్త దగ్గరికి వెళ్దాం. “అత్తా” అన్నప్పుడు ఆ దీర్ఘం రెండు పనులు చేస్తుంది. పిలుస్తుంది, కలుపుతుంది కూడా. “అత్తా, ఇటు రా” అన్నప్పుడు అది పిలుపు. “అత్తా మామయ్యా” అన్నప్పుడు అది జంట. “మామయ్యా వచ్చారు” అంటే మామయ్య కూడా వచ్చారని. మర్యాద కోసం “వచ్చారు” అనడంతో ఒకరొచ్చారో ఇద్దరొచ్చారో క్రియ కూడా చెప్పదు. కాబట్టి ఆ వాక్యంలో భార్య వంటింట్లో ఉందా, భర్త పక్కన ఉందా అన్నది తేల్చేది కామా ఒక్కటే. ఇలాంటి చోట కామా మరిచిపోతే కథ మరిచిపోయినట్టే.

“మామయ్య కూడా వచ్చారు” అని రాయొచ్చు కదా అని మీకు తోచి ఉంటుంది. మంచి ప్రశ్న. మాటతో సరిపోయేది గుర్తుకి అప్పగించకపోవడమే సాధారణంగా మేలు. అచ్చులో గుర్తు జారిపోతుంది, మాట అంత తేలిగ్గా జారదు. కానీ పరిగెత్తుకొచ్చిన పిల్లాడి నోట్లో “కూడా” నాకు బరువనిపించింది. కేక నెమ్మదిస్తుంది. అందుకని కామానే ఉంచాను. మీ కథలో మీరు “కూడా” ఎంచుకుంటే తప్పేమీ లేదు. ఎంచుకోవాలి, అంతే. చూసుకోకుండా వదిలేయకూడదు.

గుర్తులు లేని రోజులు

తాటాకు మీద గంటంతో రాసిన రోజుల్లో పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. అక్షరాలు వరసగా సాగిపోయేవి. పద్యం ముగిసిందని చెప్పడానికి నిలువు గీతలుండేవి. అంతే. అయినా చదివేవాళ్ళకి ఇబ్బంది లేదు. గణాలూ యతీ ప్రాసా ఎక్కడ ఆగాలో చెప్పేవి. చదవడమంటే పైకి చదవడమే కాబట్టి గొంతు మిగతాది చూసుకునేది.

అచ్చుయంత్రంతో పాటు కామాలూ కొటేషన్లూ వచ్చాయి. పంతొమ్మిదో శతాబ్దంలో తెలుగు వచనం పుస్తకాలుగా పెరుగుతూ వచ్చింది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో అచ్చయింది. 1910లో గురజాడ ‘దిద్దుబాటు’ రాశారు. అది అర్ధరాత్రి ఇంటికొచ్చిన భర్త తలుపు దగ్గర వేసే కేకతో మొదలవుతుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రచయిత ముందు ఏమీ చెప్పడు. నేరుగా గొంతు వినిపిస్తుంది. అలా మొదలుపెట్టాలంటే ఇది మాట్లాడే గొంతు, ఇది రచయిత గొంతు అని కాగితం మీద విడదీసి చూపించే పద్ధతి కావాలి. వచన కథకి గుర్తులతో ఉన్న చుట్టరికం అక్కడుంది. పద్యానికి ఛందస్సు ఉంది. కథకి ఉన్నవి ఈ నాలుగైదు గుర్తులే.

మన బడి పుస్తకాలు వాటికి పేర్లు కూడా పెట్టాయి. కామాకి వాక్యాంశ బిందువు, సెమీకోలన్‌కి అర్ధ బిందువు, కోలన్‌కి న్యూన బిందువు. ఎవరూ వాడరు గానీ వాటిలో ఒక పేరు నాకు చాలా ఇష్టం. కొటేషన్లని అనుకరణ చిహ్నాలంటారు. వాటి మధ్య ఉన్నంతసేపూ మీరు వేరొకరి గొంతు పలుకుతున్నారన్నమాట. ఆ సంగతి గుర్తుపెట్టుకుంటే కొటేషన్ల లోపల ఏం రాయాలో సగం తెలిసిపోతుంది.

“అని” ఉండగా

ఇంగ్లీషులో మాట ఎక్కడ ముగిసిందో చెప్పడానికి కామా, కొటేషన్ రెండూ కావాలి. తెలుగులో “అని” ఉంది. మాట అయిపోయింది, ఇక రచయిత మాట్లాడుతున్నాడు అని అదే చెబుతుంది. “అన్నాడు”, “అంది”, “అనుకుంది”, “అట” అన్నీ దాని సంతానమే. అందుకే తెలుగులో “రేపు వస్తాను” అన్నాడు రాము అని రాస్తే చాలు. కొటేషన్ ముగిసేలోపు కామా పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెట్టే ప్రచురణకర్తలున్నారు, పెట్టనివారున్నారు. నేను పెట్టను. ఏదైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే పద్ధతిలో ఉండాలి. “అని అన్నాడు” మాత్రం వద్దు. ఒకే తలుపుకి రెండు గడియలు.

మరి “అని” ఉన్నప్పుడు కొటేషన్లు అసలు ఎందుకు? ఈ వాక్యం చూడండి:

నేను దొంగనని వాడు అందరికీ చెప్పాడు.

ఎవరు దొంగ? కథ చెబుతున్న “నేను” దొంగా, లేక వాడు తన గురించే ఒప్పేసుకున్నాడా? రెండు అర్థాలూ కుదురుతాయి. ఇప్పుడిది చూడండి: “నేను దొంగని” అని వాడు అందరికీ చెప్పాడు. సందేహం లేదు, ఒప్పుకున్నది వాడే. ఉత్తమ పురుషలో కథ చెప్పేవాళ్ళు ఈ తేడా ఒంటబట్టించుకోవాలి. “నేను”, “నువ్వు”, “మా ఇల్లు”, “నిన్న”, “ఇక్కడ” లాంటి మాటలు ఎవరి నోట్లోంచి వస్తే వారికి చెందుతాయి. అలాంటి మాట ఉన్న వాక్యానికి కొటేషన్ అవసరం. “రాము వస్తానన్నాడు” లాంటి వాక్యానికి అక్కర్లేదు. అక్కడ రాము ఏమన్నాడన్నదే ముఖ్యం, ఎలా అన్నాడన్నది కాదు.

సంధి దగ్గర ఒక చిక్కుంది. పాత సంచికల్లో “వస్తా”నన్నాడు అని కొటేషన్‌ని మాట మధ్యలో ముగించడం చూస్తాం. “వస్తాను”కీ “అన్నాడు”కీ సంధి కలిసిపోతే ‘ను’ ఎవరిదో తేల్చుకోలేక ఆనాటివాళ్ళు చేసిన సర్దుబాటు అది. ఇప్పుడు అంత కష్టపడక్కర్లేదు. సంధి కలిపితే కొటేషన్ తీసేయండి, కొటేషన్ ఉంచితే సంధి విడదీయండి. పుస్తకాల పేర్లకి మాత్రం ప్రత్యయం బయటే ఉండాలి. ‘కన్యాశుల్కం’లో అని రాస్తాం గానీ ‘కన్యాశుల్కంలో’ అని రాయం.

మాట్లాడే మనిషి మారినప్పుడల్లా కొత్త పేరా. ఒకే మనిషి రెండు మూడు పేరాలు మాట్లాడితే ప్రతి పేరా మొదట్లో కొటేషన్ తెరవాలి, ముగింపు మాత్రం చివరి పేరా చివర ఒక్కసారే. ఈ రెండూ పాటిస్తే “అన్నాడు”, “అంది”లలో సగం తీసేయొచ్చు. సంభాషణలతోనే కథ నడిపించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు ఈ దృష్టితో ఒకసారి చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో గుర్తు కన్నా ముందు మాటే చెప్పేస్తుంది.

మనసులో అనుకునే మాటలకి నేను కొటేషన్లు పెట్టను. పైకి అన్నదానికి జంట కొటేషన్లు, మనసులోదానికి ఏమీ లేకుండా. వీడెందుకొచ్చాడు? మళ్ళీ డబ్బులకేనా? ఇలా పేరాలో కలిపి రాసేస్తే పాఠకుడు ఆ మనిషి తలలోకి నేరుగా వెళ్ళిపోతాడు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, నవీన్ ‘అంపశయ్య’ లాంటి నవలలు చదివి పెరిగిన పాఠకుడికి ఇది కొత్త కాదు. పైకి పలికిందానికీ లోపల తిరుగుతున్నదానికీ ఒకే గుర్తు పెడితే రెండింటికీ తేడా పోతుంది.

కొటేషన్లకి ఇంకో వాడకం ఉంది, దాని మీద నాకు గట్టి అభ్యంతరం. రచయిత తన కథనంలో మాండలికం మాట వాడి దానికి కొటేషన్ తగిలించడం. ‘పోరడు’ సైకిలెక్కి పోయిండు, ‘గుంటడు’ చెరువు దగ్గరున్నాడు అని రాస్తే ఏమవుతుంది? ఆ మాట ఈ ఇంటిది కాదు, అరువు తెచ్చానని రచయితే చెప్పినట్టవుతుంది. వరంగల్‌లోనో విజయనగరంలోనో పుట్టి పెరిగిన పాఠకుడికి అది రోజూ పలికే మాట. దాన్ని కంచె వేసి చూపిస్తే మనసు చివుక్కుమంటుంది. బ్రాకెట్లో అర్థం ఇవ్వడం కూడా అంతే. మాట చుట్టూ ఉన్న పనిని బట్టి అర్థం తెలిసేలా వాక్యం రాయండి. బస్సు, ఫోను, ఆఫీసు లాంటి మాటలకీ కొటేషన్లు అక్కర్లేదు. అవి మనవైపోయి చాలా కాలమైంది.

చుక్క

తెలుగులో పెద్దబడి అక్షరాలూ చిన్నబడి అక్షరాలూ లేవు. ఇంగ్లీషులో కొత్త వాక్యం మొదలైందని పెద్దక్షరం కూడా సాక్ష్యం చెబుతుంది. మనకి ఉన్న సాక్షి చుక్క ఒక్కటే. అయినా మామూలు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి వాక్యం ముగిసిందని చుక్క లేకపోయినా తెలుస్తుంది. కథల్లో మనం ఆ వరస తరచూ తిప్పుతాం. “నారాయణ తలుపు తట్టాడు” అనకుండా “తలుపు తట్టాడు నారాయణ” అంటాం. మాట్లాడే లయ అదే. అలా తిప్పిన చోట చుక్క ప్రాణం.

తలుపు తట్టాడు నారాయణ. కూతురు లేచింది.

తలుపు తట్టాడు. నారాయణ కూతురు లేచింది.

అక్షరాలన్నీ అవే. మొదటిదాంట్లో నారాయణ తన ఇంటికే వచ్చాడు. రెండోదాంట్లో వేరెవరో నారాయణ ఇంటికి వచ్చారు. టైపు చేసేటప్పుడు చుక్క ఒక్క మాట ఇటు జరిగితే ఇంటి యజమాని మారిపోతాడు.

కామా

వచ్చి, చూసి, తిని, పడుకుని అంటూ అసమాపక క్రియలు వరసగా వచ్చినప్పుడు చాలామంది ప్రతిదాని తర్వాతా కామా పెడతారు. అవసరం లేదు. “వచ్చి” అన్న ఇకారంలోనే ఇంకా ఉందన్న సూచన ఉంది. బస్సు దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. హాయిగా సాగుతుంది. పని ఒక్కోటీ బరువుగా జరిగిందని చెప్పాలనుకుంటే కామాలు పెట్టండి. అప్పుడు అలసట వినిపిస్తుంది.

జాబితాల్లోనూ అంతే. “పప్పు, చారు, పెరుగు” అంటే పచారీ లెక్కలా, హోటల్ బోర్డులా ఉంటుంది. “పప్పూ చారూ పెరుగూ” అంటే ఒక విస్తట్లో వడ్డించినట్టు ఉంటుంది. దీర్ఘాలే కలిపేశాయి, ఇక కామా దేనికి? రెండూ కలిపి “పప్పూ, చారూ, పెరుగూ” అని రాయడం తప్పు కాదు గానీ, చదివేవాడు ఒక్కో వంటకం దగ్గరా ఆగుతాడు. ఆగాలని మీరు కోరుకుంటేనే పెట్టండి.

ఒక మాట రెండుసార్లు వచ్చే చోట కామాకీ చుక్కకీ ఉన్న తేడా బాగా తెలుస్తుంది. వడ్డిస్తున్నావిడ మళ్ళీ గరిటె ముంచితే చుట్టం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి “వద్దు వద్దు” అంటాడు. నవ్వుతూనే అంటాడు, ఆవిడ వడ్డిస్తే తింటాడు కూడా. మందుల వాసనకి మొహం తిప్పుకునే రోగి “వద్దు, వద్దు” అంటాడు. మధ్యలో ఒక ఊపిరి ఉంది. కొడుకు ఇచ్చిన డబ్బు కవరు తిరిగి బల్ల మీద పెట్టిన తండ్రి “వద్దు. వద్దు.” అంటాడు. రెండోసారి అన్నది కొడుక్కి కాదు, తనకే చెప్పుకున్నాడు. మూడు చోట్లా మాట ఒకటే. “నవ్వుతూ అన్నాడు”, “బాధగా అన్నాడు”, “గట్టిగా అన్నాడు” అని రాయకుండా పని జరిగిపోయింది.

కామా పెట్టినా కుదరని వాక్యాలు కొన్ని ఉంటాయి. “సుబ్బారావు కోపంగా లోపలికి వచ్చిన కొడుకుని చూశాడు.” కోపం తండ్రిదా కొడుకుదా? “కోపంగా, లోపలికి వచ్చిన” అని కామా పెట్టి చూడండి. అర్థం కొంచెం తేరుకుంటుంది, వాక్యం మాత్రం కుంటుతుంది. “లోపలికి వచ్చిన కొడుకుని సుబ్బారావు కోపంగా చూశాడు” అని వరస మార్చండి, కామా అవసరమే రాదు. ఒక వాక్యంలో మూడో కామా పెట్టబోతుంటే నేను ఆగి, మాటల వరస సరిగ్గా ఉందా అని చూస్తాను. ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

సెమీకోలన్, కోలన్ కథల్లో నాకు పెద్దగా పనికిరాలేదు. మీకు అలవాటైతే వాడండి, లేకపోతే వెతుక్కుని వాడాల్సిన పని లేదు.

అడగని ప్రశ్న

“వస్తావా” అన్న దీర్ఘంలోనే ప్రశ్న ఉంది. ఎవరు, ఎందుకు, ఎప్పుడు అన్న మాటల్లోనూ ఉంది. అయినా ప్రశ్నార్థకం పెడతాం, పెట్టాలి కూడా. అది అలవాటైన గుర్తు కాబట్టి, దాన్ని తీసేస్తే ఏదో జరుగుతుంది. ఆ జరిగేదాన్ని కథకుడు వాడుకోవచ్చు.

“నేనెందుకు వస్తాను?” ఇది అడగడం. జవాబు కావాలి.

“నేనెందుకు వస్తాను.” ఇది రాననడం. తలుపు మూసేసిన చప్పుడు.

“ఎక్కడికి పోతాడు, ఆకలైతే వాడే వస్తాడు.” ఇక్కడ ప్రశ్నార్థకం పెడితే తల్లి నిజంగా కొడుకు ఎక్కడున్నాడో అడుగుతున్నట్టు ఉంటుంది. కామా ఉంటే ఆమె ధీమా వినిపిస్తుంది. 

దీనికి ఎదురుగా, ప్రశ్న మాట లేకుండా గొంతుతోనే అడిగే ప్రశ్నలుంటాయి. “పెళ్ళి చేసుకున్నావు?” అని చివర గొంతు పైకి లేపితే అందులో నమ్మలేకపోవడం ఉంది. అక్కడ గుర్తు తప్పనిసరి, అది లేకపోతే వాక్యం మామూలు సమాచారం. “ఎవరొస్తారో తెలీదు” లాంటి వాక్యాలకి మాత్రం ప్రశ్నార్థకం పెట్టకండి. “ఓ” కారం ఆ ప్రశ్నని అప్పటికే సందేహంగా మార్చేసింది.

ఆశ్చర్యార్థకం గురించి ఎక్కువ చెప్పను. అబ్బ, అయ్యో, అమ్మో, ఛీ, ఓరి నీ, భలే! ఇన్ని మాటలున్న భాషలో నిలువు గీత కింద చుక్కకి పని తక్కువ. దూరం నుంచి వేసే కేకకి ఒకటి చాలు. మూడు పెట్టినంత మాత్రాన కేక పెరగదు.

మూడు చుక్కలు

మూడు చుక్కలకి న్యాయమైన పనులు రెండే అని నా అభిప్రాయం. మాట పూర్తి చెయ్యలేకపోవడం ఒకటి, మాట మెల్లగా వినపడకుండా పోవడం రెండోది. ఎదుటివాడు మధ్యలో అడ్డొస్తే చుక్కలు కాదు, డాష్ పెట్టండి. “నేను నిన్న—” “నువ్వేం చెప్పకు.” మాట తెగిపోవడం వేరు, ఇంకిపోవడం వేరు.

పాఠకుడిని వచ్చే వారం దాకా ఊరించాల్సిన సీరియళ్ళు చదువుతూ పెరిగినవాళ్ళం మనం. ఆ చుక్కలు మన వేళ్ళకి అంటుకున్నాయి. రచనా శిబిరాల్లో నాకు వచ్చే ప్రతులు చాలావరకు ఇలా ఉంటాయి. ఇది నేనే కల్పించిన నమూనా:

చీకటి పడింది... బస్సు దిగి, నడుచుకుంటూ వచ్చి, చెప్పులు విడిచి, అరుగు మీద, కూర్చున్నాడు నారాయణ!
“వచ్చావా... నాన్నా..?” అని, లోపలి నుంచి కూతురు అడిగింది.
“ఆ... వచ్చానమ్మా...!” అని అన్నాడు, నీరసంగా.
“మిర్చి అమ్మావా?? ఎంతకి అమ్మావు, నాన్నా?!” అని, ఆత్రంగా అడిగింది.
“రేటు...” అన్నాడు... తల దించుకుని.

ఇందులో చుక్కల వరసలు ఏడున్నాయి. అన్నీ ఒకే రకంగా నిట్టూరుస్తున్నాయి. నిజంగా నిట్టూర్చాల్సిన చోటు ఒక్కటే, అది మిగతా ఆరింటి మధ్య వినపడట్లేదు. ఇప్పుడు ఇలా చేద్దాం:

చీకటి పడింది. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చి చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు నారాయణ.
“వచ్చావా నాన్నా?” లోపలి నుంచి కూతురు.
“ఆఁ.”
“మిర్చి అమ్మావా? ఎంతకి?”
“రేటు...” తల దించుకున్నాడు.
“ఎంతకి అమ్మావు నాన్నా.”

“నీరసంగా” పోయింది. “ఆఁ” తర్వాతి చుక్కలో నీరసం ఉంది. ఇప్పటి వచనంలో మరెక్కడా కనపడని అరసున్న “ఆఁ”, “ఊఁ”లలో ఇంకా బతికే ఉంది, ముక్కుతో పలికే ఆ ధ్వనికి మనకి వేరే గుర్తు లేదు. “ఆత్రంగా” కూడా పోయింది. “ఎంతకి?” అన్న ఒక్క మాటలో ఆత్రం ఉంది. చుక్కల వరస ఒక్కటి మిగిలింది, అది తండ్రి చెప్పలేకపోయిన మాట దగ్గర. చివరి వాక్యం నేను చేర్చింది. అది ప్రశ్నే, కానీ ప్రశ్నార్థకం లేదు. ఆ పిల్లకి జవాబు అప్పటికే తెలిసిపోయింది. గొంతు కిందికి దిగింది. నాన్న నోటి నుంచి వినాలి కాబట్టి మళ్ళీ అడిగింది.

ఖాళీ కూడా గుర్తే

“పెద్ద మనిషి” అంటే ఎత్తో లావో వయసో ఉన్న మనిషి. “పెద్దమనిషి” అంటే మర్యాదస్తుడు. ఊళ్ళో తగువులు తీర్చే “పెద్దమనిషి”ని విడదీసి రాస్తే ఆయన పరువు పోతుంది. మనవాళ్ళు పదాల మధ్య ఖాళీని గుర్తుగా లెక్కపెట్టరు. తాటాకుల తర్వాత అచ్చు మనకిచ్చిన మొదటి గుర్తు అదే.

ఫోన్‌లో, కంప్యూటర్‌లో టైపు చేసేటప్పుడు ఈ ఖాళీతోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. ప్రశ్నార్థకానికి ముందు ఖాళీ వదిలితే, ఆ మాట పంక్తి చివరికి వచ్చినప్పుడు ప్రశ్నార్థకం ఒక్కటే కింది పంక్తిలోకి దిగి అనాథలా నిలబడుతుంది. కామా, చుక్క, ప్రశ్నార్థకం అన్నీ ముందు మాటకి అంటుకోవాలి. ఖాళీ తర్వాతే. “వచ్చాడు.తిన్నాడు” అని ఖాళీ లేకుండా కొడితే యంత్రం రెండింటినీ ఒకే మాటగా చూస్తుంది, పంక్తి విరవాల్సిన చోట విరవదు. పాత ఫాంట్లలో కొట్టిన కథని యూనికోడ్‌కి మార్చుకుంటే కొటేషన్లన్నీ ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. తెరిచే కొటేషన్లూ మూసేవీ తారుమారవడం, కొన్ని వేరే అక్షరాలుగా మారడం నేను చాలాసార్లు చూశాను. పద్యం చివర పెట్టే నిలువు గీత, అంటే దండం, కావాలంటే కీబోర్డులో తెలుగు వరసలో వెతక్కండి. యూనికోడ్‌లో తెలుగుకి విడిగా దండం లేదు, దేవనాగరి పట్టికలో ఉన్నదాన్నే అందరం వాడుకుంటున్నాం.

ఇప్పుడు మీ కథలోంచి సంభాషణ ఉన్న ఒక పేజీ తీయండి. దాన్ని కాపీ చేసుకుని అందులో గుర్తులన్నీ చెరిపేయండి. చుక్కలూ కామాలూ కొటేషన్లూ పేరాలూ ఏమీ మిగలకూడదు, పదాల మధ్య ఖాళీ తప్ప. ఆ కాగితం మీ కథ చదవని మనిషికిచ్చి పైకి చదవమనండి. మీరు అసలు ప్రతి ముందు పెట్టుకుని పెన్సిల్ పట్టుకోండి. వాళ్ళు తడబడకుండా సరిగ్గా ఆగిన చోట ఏమీ రాయకండి. తడబడిన చోట, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివిన చోట, ఒకరి మాట ఇంకొకరి నోట్లో పెట్టిన చోట గీత పెట్టండి. తప్పు గొంతులో చదివిన చోట, అంటే మీరు నిట్టూర్పు అనుకున్నది వాళ్ళు కేకగా చదివిన చోట, రెండు గీతలు పెట్టండి. ఒక గీత ఉన్న దగ్గర ముందు మాటల వరస మార్చి చూడండి, కుదరకపోతే గుర్తు పెట్టండి. రెండు గీతలున్న దగ్గర గుర్తు మార్చి, మళ్ళీ చదివించండి.

నా మొదటి కథ చాలా ఏళ్ళ తర్వాత సంపుటిలోకి వచ్చింది. డీటీపీ చేసిన అమ్మాయి ప్రూఫులు పంపింది. చివరి పేజీలో కామా ఉంది. అయినా పెన్సిల్‌తో దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన మార్జిన్‌లో రాశాను: “దీన్ని తీయొద్దమ్మా. అత్త ఇంకా వంటింట్లోనే ఉంది.”